బురదలో పీతలు, కాగితం మీద కోట్లు

2025 మే నెలలో అమెరికా తూర్పు తీరం నుంచి ఒక లెక్క వచ్చింది. చెసపీక్ బేలో నీలి పీతలు మొత్తం 23.8 కోట్లు. అందులో గుడ్లు పెట్టే ఈడుకొచ్చిన ఆడవి 10.8 కోట్లు, పెద్ద మగవి 2.6 కోట్లు, పిల్లలు 10.3 కోట్లు. 1990లో ఈ లెక్క మొదలైంది. అప్పటి నుంచి ఇంతకంటే తక్కువ తేలింది ఒక్క 2022లోనే. ఆ ఏడు 22.7 కోట్లు.

మనుషుల్ని లెక్కపెట్టాలంటేనే ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టాలి, అయినా కొందరు తప్పిపోతారు. నీళ్ల అడుగున బురదలో దాక్కునే ప్రాణిని కోట్లలో, అదీ దశాంశంతో సహా ఎలా చెప్పగలిగారు? చెప్పినా నమ్మడమెలా? ఈ ప్రశ్నలకు జవాబు తెలిస్తే పీతల సంగతే కాదు, ఏ చేపల వేట గురించి ఏ ప్రభుత్వం ఏ అంకె చెప్పినా దాన్ని ఎక్కడ పట్టుకుని చూడాలో తెలుస్తుంది.

ముందు చోటు గురించి రెండు ముక్కలు. చెసపీక్ బే అంటే అట్లాంటిక్ సముద్రం వర్జీనియా, మేరీల్యాండ్ రాష్ట్రాల్లోకి చొచ్చుకొచ్చిన పాయ. పొడవు దాదాపు 320 కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం ఆరున్నర మీటర్ల లోపే. ఉత్తరాన సస్క్వెహానా, పడమట పొటోమాక్, జేమ్స్ నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. దక్షిణాన ముఖద్వారం దగ్గర అచ్చమైన ఉప్పునీరు. వాషింగ్టన్ చుట్టుపక్కల కాపురముంటున్న మన తెలుగువాళ్లకు ఈ పీతలు కొత్త కాదు. ఆ నగరంలో మెయిన్ అవెన్యూ దగ్గరి చేపల బజారులో డజన్ల లెక్కన, బుషెల్ బుట్టల లెక్కన అమ్ముతారు. మగదాన్ని జిమ్మీ అంటారు, ఈడొచ్చిన ఆడదాన్ని సూక్ అంటారు. కండ ఎక్కువని జిమ్మీకే గిరాకీ.

లెక్క అనగానే ఎవరికైనా ముందు తోచేది రేవులో దిగిన సరుకు. ఏటా ఎన్ని బుట్టలు దిగాయో రాసిపెట్టుకుంటే నీళ్లలో ఎన్ని ఉన్నాయో తెలియదా? తెలియదు. ఒక జాలరి వంద బోనులు వేసి రోజుకు పది బుట్టల పీతలు తెస్తున్నాడనుకుందాం. ఐదేళ్ల తర్వాత కూడా పది బుట్టలే తెస్తున్నాడు. రేవు పుస్తకంలో రెండు అంకెలూ ఒకటే. కానీ ఇప్పుడతను వేస్తున్నవి మూడు వందల బోనులు. అంటే ఒక్కో బోనుకు పడేది మూడో వంతుకు పడిపోయింది. పుస్తకం చూసినవాళ్లకు అంతా బాగానే ఉన్నట్టుంటుంది, పడవలో ఉన్నవాడికే అసలు సంగతి తెలుసు. అందుకే మత్స్యశాస్త్రంలో పట్టుబడిని ఒంటరిగా చూడరు. ఎంత శ్రమకు అంత దొరికిందో చూస్తారు: బోనుకు ఎన్ని, గంటకు ఎన్ని, పడవకు ఎన్ని అని.

అక్కడితోనూ తీరదు. బోనుకు ఎన్ని పడ్డాయన్నదీ కొన్నిసార్లు మోసం చేస్తుంది. చెసపీక్‌లో ఆడ పీతలు చలికాలం వచ్చేసరికి దక్షిణాన ముఖద్వారం వైపు చేరి అక్కడి బురదలో గుంపుగా పడుకుంటాయి. వర్జీనియా జాలరులు ఎన్నో దశాబ్దాల పాటు చలికాలంలో ఇనుప డ్రెడ్జ్‌లు లాగి వాటిని తవ్వి తీసేవారు. బే మొత్తం మీద పీతలు సగానికి పడిపోయినా, మిగిలిన సగం వచ్చి చేరేది ఆ చోటికే. జాలరి లాగేదీ ఆ చోటే. కాబట్టి అతనికి పడేది చాలాకాలం తగ్గదు. తగ్గిందని తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇంకో చిక్కు కాగితాల్లో ఉంటుంది. మేరీల్యాండ్ 1981లో, వర్జీనియా 1993లో పట్టుబడిని నమోదు చేసే పద్ధతి మార్చాయి. పద్ధతి మారితే నీళ్లలో ఏ మార్పూ లేకపోయినా అంకెలు మారతాయి. అంతకుముందు లెక్కలోకి రాని బుట్టలు కొత్తగా లెక్కలోకి వస్తాయి. పాత, కొత్త అంకెల్ని దిద్దకుండా ఒకే గీతలో కలిపేసి, చూశారా ఎలా పెరిగిందో అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇక సెలవురోజున ఒడ్డున కూర్చుని దారానికి కోడిమెడ కట్టి పీతలు పట్టుకునే మామూలు జనం ఎవరికీ లెక్క చెప్పరు. వాళ్లు పట్టేది వ్యాపార వేటలో 8 శాతం ఉంటుందని అధ్యయనాల మీద ఆధారపడి అంచనా వేసుకున్నారు.

ఇవన్నీ చెబుతున్నది రేవు పుస్తకాలు పనికిరావని కాదు. ఎంత తీసుకున్నామో చెప్పేవి అవే. ఎంత ఉందో తెలియాలంటే మాత్రం జాలరితో, మార్కెట్‌తో సంబంధం లేకుండా విడిగా వెళ్లి చూడాలి.

దానికి చెసపీక్ శాస్త్రవేత్తలు ఎంచుకున్న అదను చలికాలం. నీళ్లు బాగా చల్లబడగానే ఈ పీతలు తిండి మానేసి బురదలో దూరి కదలకుండా ఉండిపోతాయి. బోనులోని ఎర వాసనకు కూడా లేవవు. వేసవిలో పీతల్ని లెక్కపెట్టబోతే ఒకటే పీత ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ కనిపిస్తుంది. ఆకలిగా ఉన్నది బోనులోకి వస్తుంది, కుబుసం విడిచి మెత్తబడ్డది రాదు. చలికాలంలో అలా కాదు. ఎక్కడిది అక్కడే. అందుకే ఏటా డిసెంబరు నుంచి మార్చి దాకా మేరీల్యాండ్ సహజ వనరుల శాఖ, వర్జీనియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ పడవలు బే అంతటా తిరుగుతాయి. 1,500 చోట్ల డ్రెడ్జ్ వేస్తాయి.

ఆ చోట్లు ఎవరి ఇష్టం వచ్చినట్టు ఎంచుకునేవి కావు. బేను మండలాలుగా విడగొట్టి, ఒక్కో మండలంలో చీటీలు తీసినట్టు చోట్లు ఎంచుతారు. ఏటా కొత్త చోట్లే. పీతలు బాగా పడతాయని పేరున్న చోటుకు వెళ్లడం నిషిద్ధం. అలా వెళితే జాలరి లెక్కకూ వీళ్ల లెక్కకూ తేడా ఏముంటుంది? చీటీలో వచ్చింది ఒట్టి ఇసుక మేట అయినా అక్కడే లాగాలి. సున్నా వస్తే సున్నా అనే రాయాలి. ఆ సున్నాలు కూడా లెక్కలో భాగమే. ఇక మండలాలు ఎందుకంటే, ఉప్పు తక్కువ ఉండే ఉత్తరాన, నదుల్లో మగవి ఎక్కువ, ఉప్పు ఎక్కువ ఉండే దక్షిణాన ఆడవి ఎక్కువ. ఒక మూల చూసి మొత్తం చెబితే ఆడ, మగ నిష్పత్తే తలకిందులవుతుంది.

పడవ మీద జరిగే పని చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. డ్రెడ్జ్ అంటే 1.83 మీటర్ల వెడల్పున్న ఇనుప చట్రం. ముందు అంచుకు బురదను గీరే పళ్లు, వెనక సన్నకన్ను వల. దాన్ని అడుగుకు దించి మూడు నాట్ల వేగంతో సరిగ్గా ఒక్క నిమిషం లాగుతారు. పైకి తీసి బల్ల మీద గుమ్మరిస్తే నల్లటి బురద, పాత ఆయిస్టరు చిప్పలు, కుళ్లిన ఆకులు, వాటి మధ్య చలికి మొద్దుబారిన పీతలు. వేసవిలో చేతికి దొరికితే వేలు తెగ్గొట్టే ప్రాణి, ఇప్పుడు కాళ్లు ముడుచుకుని ఉంటుంది. ఒక్కొక్కదాన్నీ తీసి, పై చిప్పకు ఈ చివరి ముల్లు నుంచి ఆ చివరి ముల్లు దాకా మిల్లీమీటర్లలో కొలుస్తారు. 60 మిల్లీమీటర్ల లోపుంటే పిల్ల. తిరగేసి పొట్ట చూస్తారు. పొట్ట మీద ముడుచుకున్న మడత మగదానికి సన్నగా నిలువుగా ఉంటుంది. అక్కడివాళ్లు అది వాషింగ్టన్ స్మారక స్తంభంలా ఉందంటారు. ఈడొచ్చిన ఆడదానికి వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది, అది కాపిటల్ భవనపు గుమ్మటమట. ఈడు రాని ఆడదానికి ముక్కోణం. చచ్చినవి ఉంటే విడిగా రాసుకుంటారు. మరీ చలి ఎక్కువైన ఏడు బురదలోనే చచ్చేవి చాలా ఉంటాయి, ఎన్ని పోయాయో తెలిసేదీ ఈ సర్వే వల్లే. కొలిచినవాటిని మళ్లీ నీళ్లలో వదిలేస్తారు.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. మూడు నాట్లంటే సెకనుకు మీటరున్నర పైచిలుకు. నిమిషానికి 93 మీటర్లు. వెడల్పు 1.83 మీటర్లతో గుణిస్తే ఒక్క లాగుకు గీరిన నేల దాదాపు 170 చదరపు మీటర్లు. 1,500 లాగులూ కలిపినా 60 ఎకరాల పైచిలుకే. బే, దాని నదుల్లో అలలు ఆడే మేరా కలిపితే 28 లక్షల ఎకరాలకు పైమాట. 60 ఎకరాలు గీరి 28 లక్షల ఎకరాల సంగతి చెబుతున్నారు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి నాలుగు మెతుకులు నొక్కితే చాలంటాం, నిజమే, కానీ గరిటెతో కలిపిన అన్నానికే ఆ మాట చెల్లుతుంది. పీతలు కలిపిన అన్నం కావు. ఒకచోట కుప్పగా, ఒకచోట అసలు లేకుండా ఉంటాయి. అందుకే అన్ని చోట్లు, అన్ని సున్నాలు, ఆ చీటీల పద్ధతి కావాల్సి వచ్చింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. డ్రెడ్జ్ వెళ్లిన దారిలోని పీతలన్నీ సంచిలోకి వస్తాయా? రావు. లోతుగా దూరినవాటి మీదుగా పళ్లు దాటిపోతాయి. ఎన్ని తప్పించుకుంటాయో కనిపెట్టడానికి ఒక ఉపాయం ఉంది. ఒకే దారి మీద డ్రెడ్జ్‌ను మళ్లీ మళ్లీ లాగుతారు. మొదటిసారి 40 పడ్డాయి, రెండోసారి 24, మూడోసారి 14 అనుకోండి. ప్రతిసారీ ముందుసారి పడ్డదాంట్లో ఆరు పదో వంతులే పడుతున్నాయి. అంటే ప్రతి లాగుకూ అడుగున ఉన్నవాటిలో నలభై శాతం వస్తోంది, అరవై శాతం మిగులుతోంది. అలా అయితే మొదట అక్కడున్నవి వంద. ఈ అంకెలు నేను సులువుకోసం వేసినవే కానీ పద్ధతి ఇదే. పడవ పడవకూ, నేల నేలకూ ఈ వాటా మారుతుంది కాబట్టి దాన్ని విడివిడిగా తేల్చి, పడ్డవాటిని దాని ప్రకారం పెంచి, బే మొత్తానికి వర్తింపజేస్తారు. అప్పుడు వస్తుంది కోట్ల అంకె.

ఇన్ని మెట్లు ఎక్కి వచ్చిన అంకెలో పొరపాటుకు చోటు తప్పకుండా ఉంటుంది. 23.8లో చివరి 8ని నేనైతే అంతగా పట్టించుకోను. నా దృష్టిలో ఈ సర్వే విలువ ఆ అంకె కచ్చితత్వంలో లేదు. 1990 నుంచి ఒకే కాలంలో, ఒకే రకం పనిముట్టుతో, ఒకే నియమంతో చేస్తూ రావడంలో ఉంది. తూకంలో ఎప్పుడూ ఒకే తేడా ఉన్న త్రాసుతో కూడా బరువు పెరిగిందో తగ్గిందో చెప్పొచ్చు. ఏటా త్రాసు మారుస్తుంటే మాత్రం చెప్పలేం.

సరే, అంకె వచ్చింది. దాంతో ఏం చేస్తారు? చెసపీక్‌లో వేటను నడిపే పెత్తనం ముగ్గురిది: మేరీల్యాండ్, వర్జీనియా, పొటోమాక్ నది వరకు విడిగా ఉన్న ఒక కమిషన్. ముగ్గురూ ఒప్పుకున్న గీతలు ఇవి. ఈడొచ్చిన ఆడ పీతలు 7.25 కోట్లకు తగ్గకూడదు, తగ్గితే ప్రమాదం. 19.6 కోట్లు ఉంటే మంచిది. ఏడాది మొదట్లో ఉన్న ఆడవాటిలో వేటకు పోయేది 28 శాతం దగ్గర ఆగాలి. 37 దాటితే మితిమీరిన వేట. ఇక్కడే రేవు పుస్తకం మళ్లీ అవసరమవుతుంది. సర్వే భాగహారంలో కింది అంకె ఇస్తే, రేవు పుస్తకం పై అంకె ఇస్తుంది. వేటకు పోయిన వాటా తెలియాలంటే రెండూ కావాలి.

ఆడవాటి మీదే ఎందుకింత పట్టు? నీలి పీత ఆడది సాధారణంగా జీవితంలో ఒక్కసారే, ఆఖరి కుబుసం విడిచి మెత్తగా ఉన్నప్పుడే జతకడుతుంది. ఆ ఒక్కసారి అందిన వీర్యాన్ని దాచుకుని తర్వాత పలు విడతల గుడ్లకు వాడుకుంటుంది. ఒక్కో విడతకు గుడ్లు లక్షల్లో ఉంటాయి. పొట్ట కింద మొదట నారింజ రంగులో ఉండే గుడ్ల ముద్ద పిల్లలు ఎదిగేకొద్దీ నల్లబడుతుంది. ముఖద్వారం దగ్గర పొదిగిన పిల్లలు సముద్రంలోకి కొట్టుకుపోయి, అక్కడ వారాల తరబడి తేలుతూ ఎదిగి, గాలి, ఆటుపోటులు కలిసొస్తే మళ్లీ బేలోకి వస్తాయి. గాలి ఎటు వీస్తుందో ఏ ప్రభుత్వమూ శాసించలేదు. ఎన్ని తల్లులు మిగలాలన్నది మాత్రం చేతిలో ఉన్న పని.

ఈ గీతలకు ఊరికే గౌరవం రాలేదు. 1993లో 85.2 కోట్లున్న పీతలు 2001కల్లా 25.4 కోట్లకు పడిపోయాయి. తర్వాత ఏళ్లకు ఏళ్లు అక్కడక్కడే తచ్చాడాయి. 2008లో ఈడొచ్చిన ఆడవి 9.1 కోట్లు. ఆ వసంతంలో వర్జీనియా గవర్నరు టిమ్ కేన్, మేరీల్యాండ్ గవర్నరు మార్టిన్ ఓమ్యాలీ కలిసి ఆడ పీతల వేటను 34 శాతం తగ్గిస్తామని ప్రకటించారు. వర్జీనియాలో చలికాలపు డ్రెడ్జ్ వేట ఆగిపోయింది. జాలరులకు అది తిండి మీద కొట్టిన దెబ్బే. వేట విఫలమైందని కేంద్ర వాణిజ్య శాఖ సెప్టెంబరులో ప్రకటించడంతో కొంత సాయానికి దారి దొరికింది. మరుసటి చలికాలానికే ఆడవి 16.2 కోట్లు, 2010లో 24.6 కోట్లు. రెండేళ్లలో ఇంత మార్పు మత్స్య వేటల చరిత్రలో అరుదు. అప్పటి నుంచి ఆడవాటి వేట ఏ ఏడూ మితిమీరిన గీత దాటలేదు.

ఇక్కడితో కథ ముగిస్తే ముచ్చటగా ఉంటుంది. కానీ పీతలకు ఆ సంగతి తెలియదు. 2012లో మొత్తం 76.5 కోట్లు తేలాయి, అందులో పిల్లలే 58.1 కోట్లు. అంతటి పిల్లల పంట సర్వే మొదలైన నాటి నుంచి లేదు. ఇంకేం, మరుసటి ఏడు పీతలే పీతలు అనుకున్నారంతా. 2013లో మొత్తం 30 కోట్లు. 2014లో ఈడొచ్చిన ఆడవి 6.85 కోట్లకు దిగి, అప్పటికి అమల్లో ఉన్న 7 కోట్ల గీత కిందికి పోయాయి. ఆ పిల్లలన్నీ ఏమయ్యాయి? వేటే తినేసిందనడానికి లేదు, వేట గీత లోపలే ఉంది. తినే చేపలు పెరిగి ఉండొచ్చు. పీతలు సొంత పిల్లల్నే తింటాయి కాబట్టి కిక్కిరిసిన చోట అదీ ఎక్కువై ఉండొచ్చు. సర్వే ఎన్ని తగ్గాయో చెప్పింది, ఎందుకో చెప్పలేదు. అది దాని పని కాదు కూడా.

2017లో ఇంకో రకం తమాషా. ఆడవి 25.4 కోట్లు, అంతకుముందెన్నడూ లేనంత. అదే ఏడు పిల్లలు మాత్రం అంతకుముందు ఏడాదికంటే 54 శాతం తగ్గి 12.5 కోట్లే. తల్లులు ఎక్కువైతే పిల్లలు ఎక్కువవుతారన్న సూత్రం ఏటికేడు పనిచేయదు. తల్లులు మరీ తక్కువైతే మాత్రం పిల్లలకు ఆశే ఉండదు. కింది గీత ఉన్నది ఆ భయంతోనే. 2021 నుంచి పిల్లల లెక్క వరసగా తక్కువగానే ఉంటోంది: 8.6 కోట్లు, 10.1, 11.6, 13.8, మళ్లీ 10.3. ఆడవి ప్రమాదపు గీతకు పైనే ఉన్నాయి, వేట అదుపులోనే ఉంది, పిల్లలు మాత్రం రావడం లేదు. నిబంధనల ప్రకారం అంతా సవ్యమే, కంటికి మాత్రం సవ్యంగా లేదు. ఇలాంటప్పుడే నిబంధనల వెనక ఉన్న ఊహల్ని తిరగేసి చూడాలి.

ఒక అనుమానం మగవాటి మీద. 2024లో 4.6 కోట్లున్న పెద్ద మగవి 2025కి 2.6 కోట్లయ్యాయి. మంచి ధర పలికేవి అవే కాబట్టి వేట ముందు వాటి మీదికే పోతుంది. జతకట్టేది ఒక్కసారే అయినప్పుడు, ఆ ఒక్కసారి దొరికిన మగది చిన్నదో, అప్పటికే పలుమార్లు జతకట్టి అలసినదో అయితే ఆడదానికి అందే వీర్యం తగ్గుతుంది. తల్లుల లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది, గుడ్లు పొదిగేది తక్కువవుతుంది. 2022లో మేరీల్యాండ్ మగ పీతల మీద కూడా రోజుకు ఇన్ని బుషెళ్లే అని పరిమితి పెట్టడానికి కారణం మగవి అంతగా పడిపోవడమే.

ఇంకో అనుమానం సర్వే చూడని చోటు మీద. పడవ వెళ్లలేని, మీటరున్నర లోపు లోతులో డ్రెడ్జ్ వేయరు. పిల్ల పీతలకు ఇష్టమైన గడ్డి దుబ్బులు చాలా వరకు అక్కడే. కాబట్టి పిల్లల అంకె ఎప్పుడూ అసలుకంటే తక్కువే చూపిస్తుంది. ఏటా ఒకే వాటా తప్పిపోతే ఇబ్బంది లేదు. గడ్డి పెరిగో తరిగో ఆ వాటా మారుతుంటే మాత్రం మన త్రాసు మారినట్టే. వీటికి తోడు నీలి క్యాట్‌ఫిష్. 1970లలో గాలం సరదా కోసం వర్జీనియా నదుల్లో వదిలిన పరాయి చేప ఇది. ఉప్పునీటికీ అలవాటుపడి ఇప్పుడు అంతటా పాకింది. జేమ్స్ నది దిగువన ఒక చిన్న భాగంలోనే ఏడాదికి 20 లక్షలకు పైగా పీతల్ని తింటోందని ఒక అధ్యయనం అంచనా. రేవు పుస్తకంలో దాని వాటా రాసేవాళ్లు లేరు. ఇవన్నీ చూసుకునే నిల్వల అంచనాను మొదటి నుంచి కొత్తగా చేయడానికి పూనుకున్నారు.

2024 జూన్‌లో వర్జీనియా సముద్ర వనరుల కమిషన్ చలికాలపు డ్రెడ్జ్ వేట మీద నిషేధాన్ని ఎత్తేసింది. చలికాలంలో జాలరులకు పని కావాలన్నది ఒక వాదన. పదహారేళ్లుగా ఆపినా పీతలు పెద్దగా పెరిగింది లేదు కదా అన్నది ఇంకో వాదన. గొడవ చెలరేగింది. సెప్టెంబరులో అదే కమిషన్ ఆ చలికాలానికి వేట తెరవకూడదని నిర్ణయించింది. నాకు రెండో నిర్ణయమే సబబనిపిస్తుంది. పిల్లలు ఎందుకు రావడం లేదో తెలియని రోజుల్లో, గుడ్లు మోయబోయే ఆడవి గుంపుగా పడుకున్న చోటే డ్రెడ్జ్ వేయడం కంటే తొందరపాటు ఉండదు.

ఒక్క ఏడు లెక్క తప్పితే ఏమవుతుందో అలాస్కాను అడగాలి. బేరింగ్ సముద్రంలో మంచు పీతలకు వేసవిలో ట్రాల్ వలతో సర్వే చేస్తారు. 2018లో పీతలు విపరీతంగా కనిపించాయి. 2020లో కోవిడ్ వల్ల సర్వే పడవలు కదల్లేదు. 2021లో వెళ్లి చూస్తే వెయ్యి కోట్లకు పైగా పీతలు మాయం. నీళ్లు వేడెక్కి, వేడికి ఆకలి పెరిగి, తిండి చాలక చచ్చిపోయాయని 2023లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. 2022 అక్టోబరులో ఆ వేటను మొట్టమొదటిసారి పూర్తిగా మూసేశారు. సర్వే ఉన్నంత మాత్రాన పీతలు బతికేవి కావు. కానీ ఆ మధ్య ఏడు వేట కోటా ఇచ్చింది పాత అంకెల మీదే.

మన గోదావరి మడ అడవుల్లో, పులికాట్ ఉప్పునీళ్లలో దొరికే మండపీతలకు ఇలాంటి లెక్క పెట్టొచ్చా? చెసపీక్ పద్ధతి యథాతథంగా తెస్తే చెల్లదు. మన నీళ్లు వెచ్చన, మండపీత చలికి మొద్దుబారి బురదలో కదలకుండా పడుండే కాలమే లేదు. పైగా మడ వేళ్ల మధ్య, గట్లలో బొరియలు తవ్వుకునే దాన్ని డ్రెడ్జ్‌తో గీరడం కుదరని పని. మన దగ్గర సముద్రపు పట్టుబడిని లెక్కగట్టేది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ). ఆ సంస్థ మనుషులు ఎంపిక చేసిన రేవులకు, ఎంపిక చేసిన రోజుల్లో వెళ్లి, దిగిన పడవల్లో కొన్నింటిని చూసి, దాన్నుంచి మొత్తం అంచనా కడతారు. పద్ధతి గట్టిదే. కానీ అది ప్రధానంగా ఎంత తీశామన్న లెక్క. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మరబోట్లకు వర్తిస్తుంది. కాలువల్లో బోనులూ వలలూ వేసి మండపీతలు పట్టే చిన్న జాలరికి వేరే కొలత కావాలి.

ఆ కొలతకు కావాల్సినదాంట్లో సగం ఇప్పటికే రోజూ జరుగుతోంది. మండపీతను బతికుండగా కొని ఎగుమతికి పంపే ఏజెంటు ఒక్కోదాన్నీ తూస్తాడు, ఎందుకంటే బరువు శ్రేణిని బట్టి కిలో ధర మారుతుంది. తిరగేసి ఆడదో మగదో చూస్తాడు. కాలు నొక్కి కండ నిండుగా ఉందా, ఈమధ్యే కుబుసం విడిచి గుల్లగా ఉందా చూస్తాడు. చెసపీక్ పడవ బల్ల మీద జీతమిచ్చి చేయించే పని ఇక్కడ బేరం కోసం జరుగుతోంది. సాయంత్రానికి చీటీలో మిగిలేది మాత్రం మొత్తం కిలోలు, ఇవ్వాల్సిన డబ్బు. శ్రేణుల వారీగా ఎన్ని, వాటిలో ఆడవెన్ని, గుడ్లతో ఉన్నవెన్ని, ఏ కాలువలో ఎన్ని బోనులు ఎన్ని గంటలు ఉంచితే ఇవి పడ్డాయి అన్న నాలుగు గడులు ఆ చీటీకి కలిపి, అవే ఊళ్లలో అదే తీరుగా పదేళ్లు రాయిస్తే, బోనుకు పడే మండపీత తగ్గుతోందో పెరుగుతోందో, చిన్నవవుతోందో చెప్పగలిగే లెక్క తయారవుతుంది. ఖర్చు పెద్దగా ఉండదు. కష్టమల్లా గంటల గడి నింపించడంలోనే. బోను ఎప్పుడు వేశాడో జాలరిని అడిగి రాసుకునే ఓపిక కొనుగోలుదారుకు ఉండదు, దానివల్ల అతనికొచ్చే లాభమూ లేదు. కాబట్టి ఆ గడి కోసం రేవుకు ఒక మనిషిని పెట్టాల్సిందే.